హస్తవాసికి పరీక్ష

మన ప్రాంతమున ఒక వైద్యుని మెచ్చుకొనవలెనన్న "ఆయన హస్తవాసి మంచిది" అందురు. ఆ మాటలో కొంత నమ్మకము, కొంత అనుభవము, కొంత అదృష్టము కలిసి యున్నవి. పదిమందికి నయమైనచో పదునొకండవవాడును ఆ గుమ్మమే త్రొక్కును. ఇది జనులు చేయు పరీక్ష. దీనిని తేలికగా కొట్టివేయుటకు వీలులేదు. వైద్య కళాశాలలు పుట్టకమునుపు వేల సంవత్సరములు లోకము ఈ పరీక్షపైననే నడిచినది. కాని ఇందొక చిక్కు కలదు. జలుబు, చిన్న జ్వరము వంటివి ఎవరు చూచినను, ఎవరును చూడకున్నను తగ్గును. వాటిని తగ్గించిన కీర్తి మాత్రము ఆ దినమున మందిచ్చినవానికి దక్కును. పురిటిగదిలో రక్తము ఆగక ప్రవహించుచున్నప్పుడు, కంటి శుక్లమును తీయుచు పొర చిరిగినప్పుడు, పేరు పనిచేయదు, చేయి పనిచేయవలెను.

వైద్యుని పేరు ప్రక్కన ఎం.డి., ఎం.ఎస్., డి.ఎన్.బి. అను అక్షరములు మనము బోర్డులపై చూచుచుందుము. అవి ప్రత్యేక వైద్యమున మరి మూడేండ్లు శిక్షణ పొంది, పరీక్ష గెలిచితినని చెప్పు అక్షరములు. ఆ పరీక్షలో ఏమి చూచిరి? వ్రాసిన సమాధానములనా, చేసిన పనినా? చేసిన పనినే అయినచో, ఎవరు చూచిరి, ఎంతసేపు చూచిరి? శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఆసుపత్రి మెట్లెక్కువారు అడుగదగిన ప్రశ్నలే ఇవి. అడుగువారు అరుదు గనుక మేమే అడిగి, తెలిసినంతలో వివరింప దలచితిమి.

ముందుగా మన చుట్టునున్న పరిస్థితి. 1923లో విశాఖపట్టణమున వైద్య కళాశాల నెలకొన్నంతవరకు ఉత్తరాంధ్ర బిడ్డ పూర్తి వైద్య పట్టము పొందవలెనన్న మద్రాసు రైలెక్కవలసి యుండెను. తరువాత పెక్కు దశాబ్దములు కష్టమైన రోగమేదైనను "కె.జి.హెచ్."కే పోవుట మనకు అలవాటైనది. శ్రీకాకుళమున నేటికిని జనులు రిమ్స్ అని పిలుచుకొను ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో వచ్చినది. నెల్లిమర్లలోను, రాగోలులోను ప్రైవేటు కళాశాలలు వెలసినవి. 2023లో విజయనగరమునకు ప్రభుత్వ కళాశాల వచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరులోనే పలాసలో మూత్రపిండ వ్యాధులకై ప్రత్యేకముగా 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనా కేంద్రమును తెరచిరి. గోడలు లేచినవి, పడకలు పడినవి. ఆ పడకల ప్రక్కన నిలుచు నిపుణులు ఎట్లు తయారగుదురు, తయారైనారని ఎట్లు నిర్ణయింతురు అనునది గోడలకంటె పెద్ద విషయము.

ఎం.డి., ఎం.ఎస్. పరీక్షలో రెండు భాగములుండును. ఒకటి వ్రాత, నాలుగు ప్రశ్నపత్రములు. రెండవది క్లినికల్, అనగా రోగి ప్రక్కన జరుగునది, దానితోపాటు మౌఖిక పరీక్ష. వ్రాతలో ఎన్ని మార్కులు వచ్చినను క్లినికల్‌లో సగము రాకున్న తప్పినట్లే. పరీక్షించువారు నలుగురు; వారిలో ఇద్దరు బయటి విశ్వవిద్యాలయములనుండి రావలెను. సొంత గురువులు సొంత శిష్యులకు మార్కులు పంచుకొనకుండ పెట్టిన కట్టుబాటిది. మన ప్రాంతపు కళాశాలలకు 1986 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయము పట్టములిచ్చెడిది. నాటినుండి విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయము ఇచ్చుచున్నది.

క్లినికల్ పరీక్ష జరుగు తీరు చూడుడు. పరీక్షార్థికి ఒక రోగిని అప్పగింతురు. దీనిని "లాంగ్ కేసు" అందురు. సుమారు ఒక గంట సమయము. అతడు రోగి కథ విని, నాడి చూచి, పొట్ట తడిమి, గుండె విని, కాగితముపై వ్రాసికొని, పరీక్షకుల ముందు నిలిచి చెప్పును. వారు ప్రశ్నింతురు. తరువాత రెండు మూడు "షార్టు కేసులు": ఒకరి పొట్టయో, ఒకరి కాలో, ఒకరి గుండెయో మాత్రము చూచి చెప్పవలెను. పిమ్మట ఎక్స్‌రేలు, పరికరములు, మందులు బల్లపై పెట్టి మౌఖిక ప్రశ్నలు. రోగి మంచము ప్రక్కన వైద్య విద్యార్థిని పరీక్షించు పద్ధతిని ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జార్జి పాజెట్ అను వైద్యుడు 1842లో ప్రవేశపెట్టించెను. అంతకు మునుపు పుస్తకజ్ఞానముతోనే వైద్యుడగుట సాధ్యమై యుండెను. మనము నేటికిని నడుపుచున్న పరీక్ష ఆ వృక్షపు కొమ్మయే.

ఈ పద్ధతిలో గొప్ప గుణమొకటి కలదు: రోగి నిజమైనవాడు. అతని దగ్గు నిజము, అతని భయము నిజము. పాఠ్యగ్రంథమున రోగము క్రమముగా వచ్చును. మనుష్యునిలో అక్రమముగా వచ్చును. ఆ అక్రమములోనుండి తీగ లాగు నేర్పు ఇక్కడ బయటపడును. కాని లోపము కూడ ఇక్కడనే దాగియున్నది. ఆ గంటసేపు పరీక్షార్థి రోగి దగ్గర ఏమి చేసెనో పరీక్షకుడు సాధారణముగా చూడడు. అతడు వినునది చేసినదానిని గూర్చిన వృత్తాంతము. స్టెతస్కోపు సరియైన చోట పెట్టెనో లేదో, ఒళ్ళు కప్పి చూచెనో విప్పి వదలెనో, రోగి మాట పూర్తికాకముందే అడ్డుతగిలెనో, ఇవి వృత్తాంతమున కనబడవు. మాటకారి గెలుచును, చేతివాడు తడబడును.

దీనిపై ఆసుపత్రులలో ఒక ముచ్చట చెప్పుకొందురు. గుండె కవాటపు జబ్బు పాతబడిన రోగులను ఏటేట పరీక్షలకు పిలిపింతురు. వారికి తమ రోగము పేరు ఇంగ్లీషున కంఠస్థము. చెమటలు పట్టుచున్న కుర్రవానిని చూచి జాలిపడి, "బాబూ, మైట్రల్ అని చెప్పు" అని మెల్లగా చెవిలో వేయుదురట! ఆ కుర్రవాడు పరీక్ష గెలిచినచో గెలిచినది ఎవరి నేర్పు?

లోపము ఒక్కటి కాదు. వైద్యవిద్యపై పరిశోధించినవారు పదేపదే కనుగొన్న సంగతి యేమనగా, ఒక రోగి విషయమున బాగుగా చేసినవాడు వేరొక రోగి విషయమున బాగుగా చేయునని నమ్ముటకు వీలులేదు. గుండె చక్కగా విన్నవాడు నరముల పరీక్షలో తేలిపోవచ్చును. ఒక్క లాంగ్ కేసుతో మనుష్యుని తూచుట ఒక్క ధాన్యపు గింజ చూచి బస్తా ధర కట్టుట వంటిది. దానికి తోడు పరీక్షకుల తీరు. ఒకరు బిగువు, ఒకరు వదులు. ఉదయము బిగువుగా నున్నవారే మధ్యాహ్న భోజనానంతరము వదులు కావచ్చును. అమెరికాలో అంతర్వైద్యమునకు పట్టములిచ్చు బోర్డువారు ఇట్టి సందేహములతోనే 1972లో తమ మంచము ప్రక్క పరీక్షను మానివేసిరి. అది మందు చేదని రోగము నుంచుకొన్నట్లే యని మా అభిప్రాయము; దాని ఫలితమును ముందు చెప్పెదము.

పరీక్షకుని ఇష్టాయిష్టములు ఎంతదూరము పోగలవో తెలుగువారికి బాగుగా తెలిసిన ఉదాహరణ యొకటి కలదు. 1895లో భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదువుచుండగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టెను. శస్త్రచికిత్స గదిలో ధరించు దుస్తును కూడ ఖద్దరుతో కుట్టించుకొనెను. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డునకు ఇది గిట్టలేదు. వ్రాతపరీక్షలు బాగుగా వ్రాసినను సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు; దానికి దిగువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ఆయన 1923లో అమెరికా చేరెను. 1940 నుండి లీడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధనలనుండి ఆరియోమైసిన్ మొదలగు మందులు వెలువడినవి. వాటిలో ఒకటి హెట్రజాన్. అనగా నేడు డి.ఇ.సి. అని పిలువబడు బోదకాలు మందు. ఉత్తరాంధ్ర తీరమున బోదకాలు పాత శత్రువు. ఇంటింటికి తిరిగి ఆరోగ్య కార్యకర్తలు మన చేత మ్రింగించిన మాత్ర ఆ ఎల్.ఎం.ఎస్. వైద్యుని పరిశోధన ఫలమే. ఆయన 1948లో కన్నుమూసెను. ఖద్దరును కొలిచిన కొలబద్దతో శాస్త్రమును కొలిచినచో ఏమగునో చెప్పుటకు ఇంతకంటె వేరే సాక్ష్యము అక్కరలేదు.

ఇట్టి అన్యాయములకు మందుగా 1975లో స్కాట్లండునందలి డండీలో రోనాల్డ్ హార్డెన్ అను ఆచార్యుడు తన సహచరులతో కలిసి ఒక క్రొత్త పద్ధతిని ప్రకటించెను. దానిని నేడు వైద్యలోకమంతటను "ఓస్కీ" అను పొట్టిపేరుతో పిలుచుచున్నారు. తిరునాళ్ళలో వరుసగా దుకాణములున్నట్లు గదిలో వరుసగా బల్లలు వేయుదురు. ప్రతి బల్లయొద్ద ఒక పని. ఒకచోట బొమ్మచేతికి సూది గ్రుచ్చి రక్తము తీయవలెను. ఒకచోట పురిటి బొమ్మ కలదు. వేరొకచోట రోగివలె నటించుటకు తర్ఫీదు పొందిన మనిషి కూర్చుండును. అతనికి క్యాన్సరని మెత్తగా చెప్పవలెను. అయిదు నిమిషములకొకసారి గంట మ్రోగును. పరీక్షార్థులందరు ప్రక్క బల్లకు జరుగుదురు. పరీక్షకుని చేతిలో చీటీ యుండును: చేతులు కడుగుకొనెనా, పేరడిగెనా, అనుమతి తీసికొనెనా, సూది సరియైన కోణమున పెట్టెనా. చేసినచో ఒక గుర్తు, చేయనిచో లేదు. అందరికి ఒకే పనులు, ఒకే కాలము, ఒకే చీటీ. ఖద్దరు కట్టిన కుర్రవానికిని, కోటు తొడిగిన కుర్రవానికిని తేడా రాదు. మన దేశమున నేషనల్ బోర్డువారి డి.ఎన్.బి. పరీక్షలలో, శిశువైద్యము మొదలగు కొన్ని శాఖలయందు, ఈ ఓస్కీ పాతబడిన వ్యవహారమే.

ఓస్కీ పూర్ణచంద్రుడని మేమనము. వైద్యము అయిదేసి నిమిషముల ముక్కలుగా రాదు. చీటీలోని గుర్తులకై ఆడు విద్యార్థులు తయారగుదురు. "మీ బాధ నాకు అర్థమైనది" అని పాఠము అప్పజెప్పినట్లు అని, కిటికీవైపు చూచువారు కూడ గుర్తు సంపాదింపగలరు. తొలిమెట్టు విద్యార్థికి అది మంచి జల్లెడ. నిపుణునికి అది చాలదు. లండను, ఎడింబరో, గ్లాస్గో నగరముల రాయల్ కాలేజీలవారు 2001 నుండి నడుపుచున్న ఎం.ఆర్.సి.పి. క్లినికల్ పరీక్షలో రెంటికి మధ్యేమార్గము పట్టిరి. మన తెలుగు వైద్యులు పలువురు వ్రాయు పరీక్షయే యిది. అయిదు మజిలీలు, నిజమైన రోగులు, ప్రతి మజిలీలో ఇద్దరేసి పరీక్షకులు, ఒకరి మార్కులు ఒకరు చూడకుండ వేయుదురు. ముఖ్యముగా వారు పరీక్షార్థి చేతులను కన్నులార చూతురు.

కన్నులార చూచుట, చెవులార వినుట: ఇది మన ప్రాంతమునకు తెలియని శాస్త్రము కాదు. 1919లో విజయనగరమున సంగీత కళాశాల తెరచినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచట విద్యార్థిగా చేరవచ్చిరనియు, దాసుగారు ఆయన ఫిడేలు విని, నీకు శిష్యత్వమెందుకని ఆచార్యునిగనే నియమించిరనియు చెప్పుకొందురు. ఫిడేలును గూర్చి నాలుగు పత్రములు వ్రాయుమని ఆయన అడుగలేదు. వాయించుమనిరి, వినిరి. సంగీతమున ఇంత సులువైన సంగతి వైద్యమున ఇంత కష్టమగుటకు కారణము, అపస్వరము పలికినచో చెవికి మాత్రమే నొప్పి. ఇచట వేరొకరి ప్రాణము.

1990లో జార్జి మిల్లర్ అను అమెరికా ఆచార్యుడు ఈ విషయమును నాలుగు మెట్లుగా విడదీసి చూపెను. మొదటి మెట్టు: తెలియును. రెండవది: ఎట్లు చేయవలెనో తెలియును. మూడవది: చేసి చూపగలడు. నాలుగవది: చేయుచున్నాడు. వ్రాతపరీక్ష మొదటి రెండు మెట్లను, ఓస్కీ మూడవ మెట్టును ముట్టును. నాలుగవ మెట్టు పరీక్షాదినమున కనబడదు. అది రాత్రి రెండు గంటలకు, డ్యూటీలో, ఎవరును చూడనప్పుడు అతడు చేయు పని. దానిని చూడవలెనన్న పరీక్షను పరీక్షగదినుండి వార్డులోనికి తీసికొనిపోవలెను. మంచము ప్రక్క పరీక్షను మానివేసిన ఆ అమెరికా బోర్డువారే తుదకు ఈ దారికి వచ్చిరి. 1995లో జాన్ నార్సినీ మున్నగువారు "మినీ సెక్స్" అను పద్ధతిని ప్రకటించిరి. పేరు మన చెవికి ఎబ్బెట్టుగా నున్నను విషయము సరళము. గురువు వార్డులో పావుగంట, ఇరువది నిమిషములు శిష్యుని ప్రక్కన నిలిచి, అతడు నిజమైన రోగిని చూచుచుండగా చూచును. అయిన వెంటనే చాటుకు పిలిచి ఏది బాగున్నదో, ఏది బాగులేదో చెప్పును, కాగితముపై వ్రాయును. ఏడాదిలో పలుమారులు, పలువురు గురువులు, పలువిధముల రోగులు. ఒక్క గింజకు బదులు పిడికెడు గింజలు చూచినట్లగును. సూది వేయుట, గొట్టము పెట్టుట, కుట్టుట వంటి చేతిపనులకు ఇట్టిదే వేరొక పద్ధతి కలదు.

మన జాతీయ వైద్య కమిషను నిబంధనలు కూడ నేడు ఈ దిక్కుననే చూచుచున్నవి. ప్రతి పి.జి. విద్యార్థియు లాగ్‌బుక్కు వ్రాయవలెను. ఏ శస్త్రచికిత్సను చూచెను, దేనికి సాయపడెను, దేనిని గురువు ఎదుట తాను చేసెను, దేనిని ఒంటరిగా చేసెను అనునది అందు ఎక్కవలెను. గురువు సంతకము చేయవలెను. కాగితముపై ఇది అందముగా నున్నది. ఆచరణలో మూడేండ్ల లాగ్‌బుక్కు పరీక్షకు మూడు రాత్రుల ముందు వ్రాయబడుటయు, నూరు సంతకములు ఒకే కలముతో, ఒకే కూర్చుండులో పడుటయు ఈ రంగములోనివారు ఎరుగని సంగతి కాదు. సంతకమున్నచోట కన్ను ఉండెనని చెప్పలేము.

ఇక్కడ మేము ఒక మాట గట్టిగా చెప్పవలసి యున్నది. ఈ విషయమున మన అసలు శత్రువు పద్ధతి కాదు, మొగమాటము. మూడేండ్లు తనతో రాత్రింబవళ్ళు పనిచేసిన కుర్రవానిని, తన తల్లి ఆసుపత్రిలో నున్నప్పుడు మందులు తెచ్చియిచ్చిన కుర్రవానిని, "నీకింకను చేయి రాలేదు, మరి ఆరుమాసములుండుము" అనుట ఏ గురువునకైనను కష్టము. పెళ్ళి కుదిరినదనియో, తండ్రి అప్పు చేసెననియో జాలి కలుగును. బయటి పరీక్షకుడును అతిథియే. ఆతిథ్యము స్వీకరించి శిష్యుని తప్పించుట మర్యాద కాదనుకొనును. ఆ జాలికి గురువు ఏమియు చెల్లింపడు. పాతపట్నమునుండియో సాలూరునుండియో వచ్చు రోగి చెల్లించును. పాశ్చాత్య దేశములలోను ఇదే గోడు. తప్పింపవలసినవారిని తప్పింపలేకపోవుటను గూర్చి అక్కడ పరిశోధకులు వ్యాసములే వ్రాసిరి. ఒకరి ఒంటరి తీర్పు కాక పలువురి వ్రాతపూర్వక తీర్పులు పోగైనప్పుడు మొగమాటపు బరువు తగ్గును. ఏ ఒక్కరును ఆ కుర్రవానికి అపకారము చేసినట్లు కాదు, కాగితములే చెప్పును.

శస్త్రచికిత్స సంగతి విడిగా చెప్పుకొనవలెను. తుది పరీక్షలో పరీక్షార్థి చేత పూర్తి ఆపరేషను చేయించి చూచుట సామాన్యముగా జరుగదు. రోగిని పరీక్షాపత్రము చేయుట న్యాయము కాదుగదా. కావున నేర్పును ముందే, అంచెలంచెలుగా కొలువవలెను. కంటి శుక్లపు ఆపరేషను దీనికి చక్కని ఉదాహరణ. నేర్చుకొనువారు మొదట మేక కన్నుపై అభ్యసింతురు. తరువాత గురువు చేయు ఆపరేషనులో ఒక్క మెట్టు మాత్రము శిష్యునికి ఇత్తురు: నేడు గాటు, కొన్ని వారములకు కటకపు ముందుపొరను తెరచుట, పిమ్మట గట్టిపడిన కటకమును వెలికి తీయుట. నేత్రవైద్యుల అంతర్జాతీయ మండలివారు ఒక్కొక్క మెట్టుకు వర్ణనలతో కూడిన పట్టిక తయారుచేసిరి. "బాగుగా చేసెను" అని వ్రాసిన చాలదు. పొరను వట్రువగా, చిరుగు లేకుండ, తడబాటు లేకుండ తెరచెనా. తెరచెను గాని గురువు చేయి కావలసి వచ్చెనా. అసలు తెరువలేకపోయెనా, వీటిలో ఒకటి గుర్తుపెట్టవలెను. వేసవిలో పనికి పోవు తాతకు రెండవ కన్ను కూడ మసకబారినచో ఆ ఇంటి బ్రదుకే మారును. ఆ కన్నుపై ఎవరి చేయి ఏ మెట్టున నున్నదో ఎవరో ఒకరికి నిశ్చయముగా తెలిసి యుండవలెను.

పురుడుల సంగతి వేరు. అకస్మాత్తుగా రక్తము పోవుట, బిడ్డ భుజము చిక్కుకొనుట పరీక్ష పెట్టిన దినముననే జరుగవు. జరిగినప్పుడు పరీక్షించుటకు వ్యవధి యుండదు. విజయనగరపు ఘోషా ఆసుపత్రివంటి చోట్లకు పల్లెలనుండి, పార్వతీపురము, సీతంపేట కొండలనుండి తల్లులు చాల ఆలస్యముగా వచ్చుట ఉన్నది. డోలీపై రోడ్డువరకు మోసికొని వచ్చినవారును కలరు. వచ్చిన తరువాత నిమిషములే లెక్క. కావున ఈ ఆపదలను బొమ్మపై కల్పించి, గడియారము చూచుచు, డాక్టరు, నర్సు, మత్తుమందు వైద్యుడు అందరిని కలిపి పరీక్షించు పద్ధతి మేలైనది. అచట ఒక్కని నేర్పు కాదు చూచునది. "నువ్వు రక్తము తెప్పించు, నువ్వు గర్భాశయము నొక్కి పట్టు" అని స్పష్టముగా చెప్పగలిగెనా, చెప్పినది వినబడెనా అని కూడ చూతురు.

ఇక కొలతకు సులభముగా అందని నేర్పులు కొన్ని యున్నవి. ఉద్దానమునే తీసికొనుడు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలముల కొబ్బరి, జీడి తోటల నీడలో మూత్రపిండముల జబ్బు దశాబ్దములుగా ఇండ్లను ఖాళీ చేయుచున్నది. కారణము ఇదియని శాస్త్రము నేటికిని తేల్చలేదు. పాఠ్యగ్రంథములోని మూత్రపిండ రోగి వాచిన మొగముతో, ఉబ్బిన కాళ్ళతో వచ్చును. ఉద్దానపు రోగి చాలమారులు అట్లు రాడు. మూత్రమున ప్రోటీను కొద్దిగానే పోవచ్చును. రక్తపోటు తొలినాళ్ళ పెరుగకపోవచ్చును. ఆకలి లేదని, ఒళ్ళు నొప్పులని వచ్చును. అంతకుముందే నొప్పిమాత్రలు కొని మ్రింగి యుండవచ్చును. ఆ మాత్రలు చెడుచున్న మూత్రపిండమును మరింత చెరచును. ఆ ఒక్క ప్రశ్న, "నొప్పులకు ఏ మాత్రలు వేసికొనుచున్నావు తల్లీ, ఎన్నాళ్ళనుండి?" అని అడుగు వైద్యుడు నిపుణుడు. డయాలిసిసు గొట్టము ఎంత లాఘవముగా పెట్టినను ఆ ప్రశ్న అడుగనివాడు సగము నిపుణుడే. ఏ చీటీలోనైన ఆ ప్రశ్నకు ఒక గుర్తు ఉన్నదా?

భాష మాటయు అంతే. "నడిస్తే ఒగుర్పొస్తాది" అని రోగి అన్నప్పుడు ఆ ఒగుర్పు గుండెదా, ఊపిరితిత్తులదా, రక్తము లేమివలననా అని విడదీయవలెనన్న మొదట ఆ మాట అర్థము కావలెను. వేరు రాష్ట్రములనుండి ఇచట పి.జి. చదువ వచ్చినవారు కలరు. మన తెలుగు పిల్లలలోను ఇంగ్లీషు బడిలో పెరిగి పల్లె పలుకు విననివారు తక్కువ కాదు. సవర, ఒడియా మాటలాడువారి మాట చెప్పనక్కరయే లేదు. పరీక్షలో వృత్తాంతము ఇంగ్లీషున చెప్పబడును. రోగి తెలుగున చెప్పినదానికి, పరీక్షార్థి ఇంగ్లీషున చెప్పినదానికి మధ్య ఎంత జారిపోయినదో చూడవలెనన్న ప్రక్కన నిలువవలసినదే. వేరు దారి లేదు.

2020లో వచ్చిన నిబంధన యొకటి ఈ విషయమున మాకు ఆశ కలిగించుచున్నది. పి.జి. విద్యార్థులు చదువు నడుమ మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రులలో పనిచేయవలెను. అది పూర్తికానిదే తుది పరీక్షకు కూర్చుండరాదు. పెద్ద కళాశాలలో పది పరికరములు, పదిమంది పెద్దలు వెనుక నుందురు. జిల్లా ఆసుపత్రిలో స్కానింగు సాయంత్రము మూతపడును. పైవారు ఫోనులో దొరుకుదురు. అచట ఆ యువకుడు గాని యువతి గాని ఎట్లు నడుచుకొనెనో అచటి పాత వైద్యునికి, హెడ్ నర్సుకు తెలిసినంతగా తుది పరీక్షకులు నలుగురికి తెలియదు. అచటి అధికారి యిచ్చు యోగ్యతాపత్రము ఇప్పటికి హాజరుపట్టీకంటె కొంచెము మేలుగా మాత్రమే వాడుకొనబడుచున్నదని మా భావన. దానికి తూకమున్నచో, "ఈ బిడ్డను మా జిల్లాకు పంపుడు" లేక "ఇంకను నేర్పి పంపుడు" అని మన ఊరినుండియే ఒక మాట పరీక్షకు చేరును.

కడపట రోగుల సంగతి. ఈ పరీక్షలన్నియు మన శరీరములపై జరుగుచున్నవి. ప్లీహము పెరిగిన ఒక కూలిమనిషి పొట్టను ఒక ఉదయమున ఎందరో యువకులు తడుముదురు. నొప్పి పుట్టినను "పెద్ద డాక్టర్లు చూచుచున్నారు" అని ఓర్చుకొనును. అతనిని ముందుగా అడుగవలెను. ఇది చికిత్స కాదు, పరీక్ష అని తెలుపవలెను. వలదన్నచో చికిత్సలో లోటు రాదని చెప్పవలెను. తెర కట్టవలెను, స్త్రీలయొద్ద స్త్రీ యొకరు నిలువవలెను, నడుమ విశ్రాంతి నీయవలెను, పోయిన కూలికి బదులు ఏదైన చేతిలో పెట్టవలెను. ఒప్పుకొన్నవారు కూడ ఒక మేలు చేయుచున్నామని తెలిసికొని ఒప్పుకొందురు గాక.

అట్లే మీకు గాని మీవారికి గాని ఆపరేషను నిశ్చయమైనప్పుడు, "ఎవరు చేయుదురండీ? నేర్చుకొనుచున్నవారైనచో ప్రక్కన పెద్ద డాక్టరుగారు ఉందురా?" అని అడుగుట తప్పు కాదు. అడిగినందుకు కోపపడు వైద్యులు తక్కువ. నేర్చుకొనువారి చేత చేయించుకొనుట అపాయమనియు మా మాటకు అర్థము కాదు. ప్రక్కన చూచు కన్ను ఉన్నచో ఆ చేయి తరచుగా మరింత జాగ్రత్తగా నడుచును. కొన్ని దేశములలో వైద్యశిక్షణ పొందువారిని గూర్చి నర్సులను, సాటివారిని, రోగులను కూడ కొన్ని ప్రశ్నలు అడిగి వ్రాసికొందురు: మీ మాట వినెనా, మీకు తెలియునట్లు చెప్పెనా, తలుపు వేసి పరీక్షించెనా. రిమ్స్ ఓ.పి. వరుసలో కూర్చున్న అవ్వను ఈ మూడు ప్రశ్నలు అడిగినచో ఆమె సమాధానము చెప్పుటకు చదువు అక్కరలేదు.